నాలుగో గుడ్డ

ఇంటి వెనక షెడ్డు. బానెట్ ఎత్తిన కారు మీదికి అల్లుడు వంగి ఉన్నాడు. మామగారు కుర్చీలో కూర్చున్నారు.

"అల్లుడుగారూ, అది బోల్టు. మీ షాపులో కళ్ళజోడుకి బిగించే స్క్రూ కాదు. రెండు వేళ్ళతో బతిమాలితే రాదు."

"బతిమాలట్లేదు మామయ్యగారూ. జాగ్రత్తగా తిప్పుతున్నాను."

"తిప్పండి, తిప్పండి. అరగంట నుంచి మీరు దాన్ని చూస్తున్నారు, అది మిమ్మల్ని చూస్తోంది. ఇంకాసేపుంటే మీకిద్దరికీ స్నేహం కుదురుతుంది."

"బిగుసుకుపోయిందండీ. మీరు ఒక్కసారి వచ్చి..."

"రాను. పొద్దున్నే చెప్పాను కదా. నోరు అరువిస్తాను, చేతులు ఇవ్వనని."

"ఒక్క బోల్టే."

"ఒక్క బోల్టూ లేదు, అర బోల్టూ లేదు. నేను, ఈ కుర్చీ. మా ఇద్దరికీ ఏడాదిగా బాగా కుదిరింది. మధ్యలో మీరు దూరకండి."

"ఏడాది కాదు. పద్నాలుగు నెలలు."

"మీ అత్తయ్య ఒక్కతే లెక్కపెడుతోందనుకున్నాను. మీరూ మొదలుపెట్టారా?"

"ఊళ్ళో సగం మంది లెక్కపెడుతున్నారు. నిన్న నా షాపుకి వచ్చినాయన చత్వారం సంగతి వదిలేసి మీ సంగతి అడిగాడు. మీ మామగారు షెడ్డు ఎప్పుడు తీస్తారు, నా బండి పొగ కక్కుతోంది అని."

"నల్ల కళ్ళజోడు ఇచ్చి పంపాల్సింది. పొగ కనిపించేది కాదు."

"నవ్వుతాలు కాదు మామయ్యగారూ. మీరు మళ్ళీ పానా పట్టుకుంటారా, పట్టుకోరా? అదొక్కటి చెప్పండి."

"పట్టుకోను. చెప్పాను కదా. ఇప్పుడు ఆ బోల్టు సంగతి చూడండి. నూనె కొట్టారా?"

"కొట్టాను."

"నానిందా?"

"నానే ఉంటుంది."

"సుత్తి తీసుకుని తల మీద రెండు తట్టండి. తట్టమన్నాను, కొట్టమనలేదు. తలుపు తట్టినట్టు. ఆఁ. ఇప్పుడు పానా. ఒక్కసారిగా గుంజకండి."

"వచ్చింది. మామయ్యగారూ, కదిలింది."

"మంచి బోల్టు. మీ మీద జాలిపడింది."

"ఇంకా ఏడున్నాయి."

"వాటికీ జాలిగుండె ఉందేమో చూద్దాం. అసలు ఈ మానిఫోల్డు ఎందుకు మారుస్తున్నారో ఇంకోసారి చెప్పండి. వింటుంటే బాగుంటుంది."

"చెప్పాను కదా. ఇంజిన్‌కి గాలి పంచే గొట్టాల పెట్టె ఇది. ఇప్పుడున్నది ప్లాస్టిక్‌ది. టర్బో గాలిని ఒత్తి పెట్టి తోస్తుంది కాబట్టి ప్లాస్టిక్‌ది ఎప్పటికైనా పగులుతుందట. ఈ కొత్తది అల్యూమినియం. ఒత్తిడికి తట్టుకుంటుంది. నాలుగు సిలిండర్లకీ గాలి సమానంగా అందుతుంది. లాగుడు పెరుగుతుంది."

"ఎవరు చెప్పారు?"

"వీడియోలో ఒకాయన."

"ఆయన కారేసుకుని ఎక్కడికెళ్తాడు?"

"రేసులకి."

"మీరు?"

"షాపుకి."

"ఎంత దూరం?"

"మూడు కిలోమీటర్లు ఉంటుంది."

"దారిలో సిగ్నళ్ళు?"

"ఐదు."

"అయితే మార్చాల్సిందే. ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు నాలుగు సిలిండర్లూ సమానంగా ఊపిరి పీల్చుకోవద్దూ."

"మీ దగ్గరికి ఎంతమంది కుర్రాళ్ళు ఇదే పని మీద రాలేదు? అందరికీ చేశారు కదా."

"చేశాను. వాళ్ళకి పెళ్ళిళ్ళు కాలేదు, చేతినిండా పని లేదు. మీకు రెండూ ఉన్నాయి. ఆగండాగండి. మధ్య బోల్టు ఎందుకు పట్టుకున్నారు?"

"అందింది కాబట్టి."

"అందినవన్నీ పట్టుకుంటారా? విప్పేటప్పుడు చివర్ల నుంచి లోపలికి రావాలి. బిగించేటప్పుడు మధ్యలోంచి చివర్లకి వెళ్ళాలి."

"లేకపోతే ఏమవుతుంది?"

"వంగుతుంది."

"ఇది ఎలాగూ పారేసేదే కదండీ."

"పెట్టె వంగినా ఫర్వాలేదు. అలవాటు వంగకూడదు."

"సరే. చివరిది. ఇదిగో. మామయ్యగారూ, అత్తయ్యగారు కిటికీలోంచి చూస్తున్నారు."

"నాలుగోసారి. పొద్దున్నుంచీ ఆ కిటికీ దగ్గర ఏం పనో ఆవిడకి. అద్దం తుడుస్తున్నానంటుంది. అద్దం అరిగిపోతుంది."

"మీరు కారు పక్కన కూర్చున్నారని సంతోషం."

"కూర్చోవడానికే అంత సంతోషమైతే, నిలబడితే ఊరంతా భోజనాలు పెడుతుందేమో. ఇంజెక్టర్ల ప్లగ్గులకి గుర్తులు పెట్టారా?"

"కాగితం ముక్కల మీద నంబర్లు రాసి అంటించాను. చివరిది వచ్చేసింది. ఇదిగో, లేపుతున్నాను. ఇటు పట్టుకుంటారా?"

"అబ్బో. పట్టుకోమనడంలో మీరు తెలివైనవారే. మీరే లేపుకోండి."

"బరువేం లేదులెండి. వచ్చింది. ఇంత నూనె జిడ్డేమిటి లోపల?"

"అది ఊపిరి పీల్చే దారి. మనమైతే రోజూ ముక్కు చీదుకుంటాం. దానికెవరు చీదుతారు? కన్నాలు కనిపిస్తున్నాయా?"

"నాలుగు కనిపిస్తున్నాయి. తిన్నగా ఇంజిన్ లోపలికి."

"వాటిలో ఒక్క వాషర్ పడిందంటే మీ వీడియో ఆయన కూడా తీయలేడు. ముందు వాటిని మూసేయండి."

"గుడ్డలు కుక్కనా? అత్తయ్యగారు పాత దుప్పటి చింపి ఇచ్చారు. మామయ్యగారూ?"

"వింటున్నాను."

"కుక్కనా?"

"కుక్కకపోతే ఎలా? కుక్కండి."

"ఎన్ని?"

"కన్నాలెన్ని?"

"నాలుగు."

"చిన్నప్పుడు మీకు లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చేవి?"

"సరే, సరే. నాలుగు."

"పైకి లెక్కపెట్టండి. నాకు వినిపించాలి."

"ఒకటి. రెండు. మూడు. నాలుగు."

"కొసలు బయటికి వేలాడుతున్నాయా?"

"వేలాడుతున్నాయి."

"లోపలికి తోసేశారా ఏమిటి?"

"లేదండీ. వేలాడుతున్నాయన్నాను కదా. వచ్చి చూడండి."

"ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది. గాలి కారకుండా మధ్యలో ఉండే పాత గాస్కెట్ గీకండి. మెల్లగా. అల్యూమినియం మీద గీత పడితే అక్కడే గాలి కారుతుంది."

"గీకుతున్నాను. మామయ్యగారూ, ఒకటి అడగనా?"

"వద్దంటే మానేస్తారా?"

"జడ్జిగారి కారుకి కూడా ఇదే పని కదా. మీరు షెడ్డు మూసేసే ముందు."

"గాస్కెట్ గీకుతున్నారా, నన్ను గీకుతున్నారా?"

"మీరెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మాయిని అడిగితే నాన్ననే అడగమంటుంది. అత్తయ్యగారిని అడిగితే కళ్ళు తుడుచుకుంటారు."

"ఆవిడ అద్దాలు తుడుస్తుంది, కళ్ళు తుడుస్తుంది. ఇంటిల్లిపాదిలో ఆవిడ చేతులే ఖాళీగా లేవు."

"చెప్పండి."

"చెప్పడానికేముంది? ఇదే పని. ఇలాగే ప్లాస్టిక్‌ది తీసి అల్యూమినియంది పెట్టాను. ఇలాగే గుడ్డలు కుక్కాను. ఒకటి లోపలే ఉండిపోయింది. బిగించాను, స్టార్ట్ చేశాను, తాళాలు ఇచ్చాను. రెండు వీధులు కూడా దాటలేదు. ఇంజిన్ గుడ్డని లోపలికి లాక్కుంది. వాల్వు కింద ఇరుక్కుంది. పిస్టన్ పైకొచ్చి వాల్వుని కొట్టింది. ముప్ఫై నాలుగేళ్ళ నా పనంతా అక్కడే పోయింది. ఆ చప్పుడు నాకు ఇక్కడికి వినిపించింది."

"రెండు వీధుల అవతల నుంచా?"

"వినిపించింది."

"ఇంజిన్ మీరే మళ్ళీ కట్టించి ఇచ్చారు కదా. ఇంకా ఎందుకండీ బాధ?"

"ఇచ్చాను. బాధ దాని గురించి కాదు."

"మరి? ఆయన తిట్టారా?"

"తిడితే బాగుండేది. జీవితమంతా కోర్టులో అందరికీ శిక్షలు వేసిన మనిషి. నా దగ్గరికొచ్చి భుజం తట్టి, 'పోన్లెండి, పెద్దవాళ్ళయ్యారు, మతిమరుపు సహజం' అన్నాడు. నాకంటే ఆరేళ్ళు పెద్ద, ఆయన."

"అందుకని మీకు శిక్ష మీరే వేసుకున్నారా?"

"ఎవరో ఒకరు వేయాలి కదా."

"ఎన్నేళ్ళు?"

"గీకడం అయిందా లేదా?"

"అయింది. అద్దంలా ఉంది."

"అద్దం అంటే మీ అత్తయ్య వచ్చి తుడుస్తుంది. మెల్లగా అనండి. కొత్త గాస్కెట్ పెట్టండి. ఆ రేకుకి ఒక మూల చెవి ఉంటుంది, అది పైకి."

"పెట్టాను. ఇప్పుడు గుడ్డలు తీస్తున్నాను. మామయ్యగారూ, అత్తయ్యగారు మిమ్మల్ని పిలుస్తున్నట్టున్నారు."

"పిలవలేదు."

"ఇంటి వైపు చూడండి ఒకసారి. పిలిచినట్టు వినిపించింది."

"పని చేసేటప్పుడు మీకు చాలా వినిపిస్తాయి. చెప్పింది తప్ప. గుడ్డలు తీశారా?"

"తీసేశాను."

"లెక్కపెట్టారా?"

"ఆఁ. కొత్తది ఎక్కిస్తున్నాను. ఎంత అందంగా ఉందో చూడండి. ఇంట్లో షోకేసులో పెట్టుకోవచ్చు."

"కారులో పెట్టడం కంటే అదే నయం. మా అమ్మాయి పని ముగించుకుని ఐదింటికి ఆఫీసు బయట నిలబడుతుంది. కారు వస్తుందని చూస్తుంది. షోకేసు వెళ్ళదు."

"ఇంకా టైముంది. బోల్టులు. మధ్యలోంచి చివర్లకి. గుర్తుంది."

"చేత్తో తిరిగినంత వరకు చేత్తోనే. తర్వాత టార్క్ రెంచ్. బిగువు సరిపోయి టిక్ అనగానే ఆపేయాలి. ఇంకోసారి టిక్ అనిపించాలని సరదా పడకూడదు."

"పైవి నాలుగూ అయ్యాయి. కిందవి మూడు అయ్యాయి. ఈ వెనకవైపు కిందది మాత్రం కనిపించట్లేదు."

"అది ఎవరికీ కనిపించదు. నాకూ ఎప్పుడూ కనిపించలేదు."

"మరెలా బిగించేవారు?"

"కళ్ళు మూసుకుని. గొట్టాల కిందనుంచి చెయ్యి పోనివ్వండి. మూడో గొట్టం, నాలుగో గొట్టం మధ్య. వేలికి చల్లగా తగిలేది కన్నం అంచు."

"తగల్లేదు."

"కళ్ళు తెరిచే ఉన్నారు కదా?"

"ఉన్నాను."

"నలుగురి కళ్ళూ పరీక్షించే మనిషి, మీవి రెండూ మూసుకోండంటే వినరే."

"మూసుకున్నాను. తగిలింది. చల్లగానే ఉంది. మామయ్యగారూ, ఎక్కుతోంది."

"ఎక్కనివ్వండి. ఇప్పుడు రెంచ్."

"టిక్ అంది."

"విన్నాను. ఫర్వాలేదు. మీ షాపు ఎప్పుడైనా మూతపడితే అన్నం పెట్టే విద్య ఒకటి దొరికింది. గంటకో బోల్టు లెక్కన."

"గొట్టాలు తగిలించాను. ప్లగ్గులు నంబర్ల ప్రకారం పెట్టాను. నాలుగున్నరైంది. అయిపోయినట్టేనా?"

"అయిపోయినట్టే."

"స్టార్ట్ చేయనా?"

"సామాన్లు ట్రేలో పెట్టి, అప్పుడు."

"పెడుతున్నాను. మామయ్యగారూ."

"ఊఁ."

"మామయ్యగారూ, ట్రేలో గుడ్డలు మూడే ఉన్నాయి. నాలుగు కుక్కాం కదా."

"మళ్ళీ లెక్కపెట్టు."

"మూడే."

"కారు కింద?"

"చూశాను. లేదు."

"బెంచీ మీద?"

"లేదు."

"జేబుల్లో?"

"లేదండీ."

"రెండిట్లోనూ?"

"రెండిట్లోనూ."

"వెనక జేబు?"

"వెనకదీ చూశాను. లేదు."

"బాగా చూశావా?"

"చూశాను."

"సరే. తాళం ఇటు ఇవ్వు. దాన్ని అక్కడ ఉంచొద్దు. ఇప్పుడు విప్పు."

"నేను విప్పితే మళ్ళీ సాయంత్రం దాటిపోతుంది. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టాను."

"పోనీ రేపు విప్పు. మా అమ్మాయిని ఆటోలో రమ్మను."

"రేపు షాపుకెళ్ళాలి. పోనీ, ఒకసారి మెల్లగా స్టార్ట్ చేసి చూస్తే? ఉందో లేదో తెలిసిపోతుంది."

"ఏం తెలుస్తుంది? నాకు తెలిసింది చాలదా? తాళం మీద చెయ్యి వేశావంటే ఊరుకోను."

"మీరు విప్పితే ఎంతసేపు పడుతుంది?"

"ఇరవై నిమిషాలు."

"మరి?"

"జరుగు."

"మామయ్యగారూ, లేస్తున్నారా? కుర్చీ అక్కడే ఉండనివ్వండి, నేను తీస్తాను."

"తియ్యొద్దు. తన్ని పక్కకి నెట్టు. నా కళ్ళజోడు ఏది?"

"నెత్తి మీద ఉంది."

"పది నంబరు పానా ఇవ్వు. అది పన్నెండు. పద్నాలుగు నెలల్లో నా పానాలన్నీ ఎక్కడెక్కడ పెట్టారురా మీరంతా. ఆ లైటు ఇటు తిప్పు. నా మొహం మీద కాదు, ఇంజిన్ మీద. నేను అందంగా ఉన్నానని నాకు తెలుసు."

"సారీ."

"గొట్టం పట్టుకో. వదులు. ఆ ప్లగ్గు తియ్యి. చివరి బోల్టు. ఇంకో చివరిది. నీ కాగితం ముక్కలు నా చేతికి అంటుకుంటున్నాయి. ఎంత జిగురు పూశావు?"

"మామయ్యగారూ, మీ చేతులు అస్సలు వణకట్లేదు."

"నువ్వు వణుకుతున్నావు. లైటు ఊగుతోంది. సరిగ్గా పట్టుకో."

"వెనకవైపు కిందది..."

"వచ్చేసింది. ఇదిగో. ట్రేలో వెయ్యి."

"ఎప్పుడు తీశారు?"

"నువ్వు నా చేతుల గురించి కవిత్వం చెబుతున్నప్పుడు. రెండో చివర పట్టుకో. మెల్లగా. లే. పక్కన పెట్టు. గాస్కెట్ రేకుది కాబట్టి బతికింది."

"పదకొండు నిమిషాలే పట్టింది."

"ఇరవై అన్నది మీ అత్తయ్య కిటికీ దాకా రావడానికి పట్టే టైముతో కలిపి. వచ్చిందా?"

"వచ్చారు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు."

"అటు చూడకు. లైటు. ఒకటో కన్నం. లోపలికి, ఇంకా లోపలికి. వాల్వు కనిపిస్తోంది. వేలు పెట్టాను. ఖాళీ. రెండోది. ఖాళీ. మూడోది. ఖాళీ."

"నాలుగోది?"

"లైటు దగ్గరికి తీసుకురా."

"ఇదిగో."

"ఆ సన్నటి కర్ర ఇవ్వు. దానికి బంకపట్టీ చుట్టు. ఇంకో చుట్టు. చాలు."

"ఏమైనా తగులుతోందా?"

"మాట్లాడకు. అడుగు దాకా వెళ్ళింది. ఖాళీ. నాలుగూ ఖాళీ."

"మామయ్యగారూ."

"ఊఁ."

"మీరు ముందు కూర్చోండి."

"ఏడాదంతా కూర్చున్నాను. నిలబడే వింటాను, చెప్పు."

"నన్ను తిట్టండి, కొట్టండి, మీ ఇష్టం. గుడ్డ లోపల లేదు. నా దగ్గరే ఉంది. నేనే దాచాను. మీ అమ్మాయికి తెలియదు, అత్తయ్యగారికీ తెలియదు. మిమ్మల్ని ఆ కుర్చీలోంచి లేపడానికి నాకు వేరే దారి కనిపించలేదు. ఈ మానిఫోల్డు తెప్పించింది కూడా అందుకే. నా మూడు కిలోమీటర్లకి ప్లాస్టిక్‌దే ఎక్కువ."

"ప్యాంటు వెనక జేబు. ఎడమ వైపుది. తియ్యి. ట్రేలో వెయ్యి. నాలుగైనట్టుంటుంది."

"మీకు తెలుసా?"

"అత్తయ్య పిలుస్తోందని నన్ను అటు తిప్పాలని చూశావు. నేను తిరగలేదు. నాలుగో కన్నంలోంచి గుడ్డ లాగి జేబులో కుక్కుకోవడం నా కళ్ళారా చూశాను. కళ్ళజోళ్ళ మనిషివి, ఎదుటివాడి చూపు ఎంతదూరం ఆనుతుందో ఆ మాత్రం అంచనా వేసుకోవద్దూ?"

"అయ్యో. మరి జేబులో ఉందా అని అన్నిసార్లు అడిగారు."

"నిజం చెప్పడానికి నీకు నాలుగు అవకాశాలు ఇచ్చాను. జడ్జిగారైతే ఒక్కటే ఇచ్చేవాడు."

"గుడ్డ బయటికి వచ్చిందని తెలిసి, మీ కళ్ళతో మీరే చూసి, మళ్ళీ ఇదంతా ఎందుకు విప్పారు మామయ్యగారూ? నా ముచ్చట తీర్చడానికా?"

"నీ మొహం. నీ ముచ్చట కోసం ఎనిమిది బోల్టులు విప్పుతానా?"

"మరెందుకు? చెప్పండి."

"జడ్జిగారి కారులోంచి కూడా నాలుగు గుడ్డలూ బయటికి రావడం ఈ కళ్ళతోనే చూశాను బాబూ."